ఎత్తిరాత

బాబాయి పాత ఫోన్ని రీసెట్ కొట్టింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం తేలికవుతుంది.

పోయిన సంక్రాంతికి గంపలగూడెం వెళ్తూ ఆయనకి కొత్త ఫోను తీసుకెళ్ళాను. బాబాయి బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. కథలు రాస్తాడు. నాలుగైదేళ్ళుగా కాయితం మానేసి ఫోన్లోనే రాస్తున్నాడు. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి ట్రాన్స్‌ఫర్ యాప్ నడిపాను. ఫొటోలొచ్చాయి, నంబర్లొచ్చాయి, వాట్సాప్ వచ్చింది. “అన్నీ వచ్చినయ్ బాబాయ్” అని పాతదాన్ని తుడిచేసి ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాను.

నేను హైదరాబాద్ తిరిగొచ్చిన రెండోరోజు ఫోను. “ఒరే, మా అమ్మ మాటలు కనపడట్లేదేంట్రా?”

నాయనమ్మ పోయాక, ఆవిడ వాడిన మాటలూ సామెతలూ, మిరపతోటల కబుర్లూ గుర్తొచ్చినప్పుడల్లా ఒక నోట్స్ యాప్‌లో రాసుకున్నాడట. కొత్త ఫోన్లోకి యాప్ వచ్చింది, లోపల ఖాళీ. ఆ యాప్ రాతల్ని తన గదిలోనే దాచుకుంటుంది. ఇంకో యాప్‌ని ఆ గదిలోకి రానివ్వదు. ఏ అకౌంటుకీ కట్టి లేదు. ఇది తెలియనివాణ్ణి కాదు, ఆఫీసులో నా పనే సర్వర్ల బ్యాకప్పులు సరిగా ఉన్నాయో లేదో చూడటం. చూశానా? చూడలేదు. యాప్ బొమ్మ కనపడితే చాలనుకున్నాను.

ఆ సిగ్గుతోనే, తెలుగు రాతల్ని మనవాళ్ళు ఒకదాన్నుంచి ఇంకోదాన్లోకి ఎలా మోసుకొచ్చారో చదవడం మొదలుపెట్టాను.

దానికి తెలుగులో మంచి మాటే ఉంది: ఎత్తిరాయడం. తాటాకు మీద గంటంతో గీసి, మసి పూసి తుడిస్తే అక్షరం కనపడుతుంది. మన ఎండకీ చెమ్మకీ, పురుగుకీ ఆ ఆకు కొన్ని తరాలకి మించి ఆగదు. పదకొండో శతాబ్దపు నన్నయ చేత్తో రాసిన ఆకు ఒక్కటీ మన దగ్గర లేదు. ఉన్నవన్నీ ప్రతికి ప్రతికి ప్రతి. మధ్యలో ఏ తరంలోనైనా ఎవరూ ఎత్తిరాయకపోతే ఆ పుస్తకం అక్కడితో సరి. లేఖకులు చివర్లో ఒక మనవి కూడా రాసుకునేవాళ్ళు: నడుం పడిపోయింది, మెడ పట్టేసింది, చూసింది చూసినట్టే రాశాను, తప్పులుంటే నన్ననకండి అని. సాఫ్ట్‌వేర్ లైసెన్సుల్లో మేం పెద్దక్షరాల్తో రాసేది ఇదే కదా అనిపించింది.

నన్ను ఎక్కువ ఆపింది మెకంజీ కథ. సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర ఏలూరు నుంచి వెళ్ళిన కావలి సోదరులు పనిచేశారు. అన్న బొర్రయ్య 1803లోనే చనిపోతే తమ్ముళ్ళు కొనసాగించారు. ఊరూరా చరిత్రలు రాయించి తెచ్చిన కైఫీయతులు, శాసనాల నకళ్ళు, తాటాకులు గుట్టలు పడ్డాయి. 1821లో మెకంజీ చనిపోయాడు. కంపెనీ వాళ్ళు ఆయన భార్య దగ్గర ఆ సేకరణని లక్ష రూపాయలకి కొన్నారు. తర్వాత కొంత లండన్ వెళ్ళింది, కొంత కలకత్తాలో ఉంది, దక్షిణాది భాషలవి చాలావరకు మద్రాసు చేరాయి. మూడు ఊళ్ళలో ఉందిగా, భద్రమే అనిపిస్తుంది. కాదు. మూడు ఊళ్ళలో మూడు ముక్కలున్నాయి, మూడు ప్రతులు లేవు. మా వృత్తిలో కూడా ఈ రెంటినీ కలిపేసుకుని మునిగినవాళ్ళున్నారు.

మద్రాసులో కాయితాలు పురుగుపట్టి పొడి అయిపోతుంటే వాటిని కొత్త సంపుటాల్లోకి ఎత్తిరాయించినవాడు సి.పి.బ్రౌన్. కొన్ని కైఫీయతులు ఇవాళ మనం చదువుతున్నది ఆ నకళ్ళ వల్లే. 1820లో కడప వచ్చిన బ్రౌన్, తర్వాత అక్కడ బంగళా కొని, జూలూరి అప్పయ్య లాంటి పండితుల్నీ రాయసగాళ్ళనీ జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. నాకు నచ్చింది ఆయన దానగుణం కాదు, అపనమ్మకం. ఒక్క ప్రతిని నమ్మలేదు. వేమన పద్యాలు అచ్చువేసేముందు (1829) దొరికినన్ని ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టించాడు. ఒకదాంట్లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంటే ఏది ఉంచాలో కూర్చుని తేల్చారు. ఆయన తేల్చిన ప్రతిదానికీ నేను ఒప్పుకోను గానీ, ముందు చదివి చూసుకున్నాడు. సెలవు మీద ఇంగ్లండు వెళ్ళినప్పుడు కంపెనీ లైబ్రరీలో ఎవరూ విప్పని తెలుగు ప్రతులు కనపడితే వాటిని మద్రాసుకి పంపించే ఏర్పాటూ చేశాడు. చదవగలిగినవాళ్ళు ఇక్కడున్నారని.

చదవగలగడం అనే ముడి కంప్యూటర్లొచ్చాక మరీ బిగిసింది. బాబాయి దగ్గర ఒక సీడీ ఉంది. 2004లో తిరువూరులో డీటీపీ చేయించిన పద్నాలుగు కథలు. పుస్తకం అచ్చు కాలేదు, చేతిరాత ప్రతి చెదలు తినేసింది. “కనీసం ఇదన్నా తెరువు” అన్నాడు. సీడీ డ్రైవ్ దొరకబుచ్చుకుని తెరిస్తే ఫైళ్ళన్నీ క్షేమం. ఒక్క బైటు పోలేదు. కానీ తెర మీద తెలుగు లేదు. నెత్తిన చుక్కలూ టోపీలూ పెట్టుకున్న యూరప్ అక్షరాలు వరసగా.

ఎందుకంటే అప్పటి డీటీపీ ఫాంట్లు అక్షరాన్ని దాచలేదు, దాని బొమ్మని దాచాయి. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఒక్కో ముక్కనీ ఇంగ్లీషు అక్షరాలుండే గూట్లో ఇరికించారు. ఏ గూట్లో ఏ ముక్క అన్నది ఫాంటు చేసినవాళ్ళ ఇష్టం. ఆ ఫాంటు మెషీన్లో ఉంటే కథ, లేకపోతే చెత్త. ఈనాడుకో ఫాంటు, వార్తకో ఫాంటు దించుకుని పేపర్లు చదివిన రోజులు నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటాయి.

దీనికి జవాబు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి రూపంలోనే తెలుగుకి 128 గదులున్నాయి, మన ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించి. అది బొమ్మని కాక పలికే వరసని దాస్తుంది: జ్ఞ అంటే జ, పొల్లు, ఞ. బొమ్మ గీయడం ఫాంటు పని. (ఆ జ్ఞ పక్కన కనపడని గుర్తొకటి చేరితే 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు కుప్పకూలాయి. ప్రపంచం తెలుగు అక్షరం గురించి మాట్లాడుకున్న అరుదైన వారం.) కాయితం మీద 1991 అయినా, మామూలు కంప్యూటర్లకి అది చేరింది 2001లో విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. ఆండ్రాయిడ్‌కి 2012లో, 4.1తో. అంటే బాబాయి సీడీ చేయించిన ఏడాదికే దారి ఉంది, తిరువూరు దాకా రాలేదు.

పాత రాతల్ని ఈ దారికి ఎత్తిరాసినవాళ్ళు జీతానికి చేయలేదు. వెన్న నాగార్జున ‘పద్మ’ అని ఫైర్‌ఫాక్స్‌కి ఒక పొడిగింపు రాశారు. ఏ ఫాంటులో ఏ గూట్లో ఏముందో పట్టికలు కట్టి, పేపర్ల పేజీల్ని యూనికోడ్‌లోకి మార్చేది. తెలుగు వికీపీడియాని 2003లో మొదలుపెట్టిందీ ఆయనే. వీవెన్ ‘లేఖిని’తో చాలామందికి తెలుగు టైపింగ్ అలవాటైంది. కైఫీయతుల వరసలో వీళ్ళ పేర్లు ఎవరూ చెప్పరుగానీ నేను చెబుతాను.

అలాంటి పట్టికతోనే బాబాయి కథల్ని మార్చాను. పద్నాలుగూ బయటపడ్డాయి, కొన్నిచోట్ల వత్తులు పక్క అక్షరాల మీద వాలాయి. ప్రింటు తీసి పంపితే ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. “‘కట్టలేరు’ని ‘కటలేర్టు’ చేశావు గదరా” అన్నాడు. కొన్నిచోట్ల అచ్చుతప్పు కంప్యూటరుది కాదు, 2004 నాటి తనదే అని కూడా తేల్చాడు. ఒక కథ ముగింపు మార్చేశాడు.

నాయనమ్మ మాటలు మాత్రం రాలేదు. తుడిచిన ఫోను ఏ చేతుల్లో ఉందో తెలీదు, ఉన్నా ఉపయోగం లేదు. మళ్ళీ మొదట్నుంచి రాస్తున్నాడు. గుర్తు రానిచోట మా మేనత్తకి ఫోన్ చేస్తాడు. నాయనమ్మ సామెతని ఆవిడ ఒకలా చెబుతుంది, ఈయన ఇంకోలా అంటాడు. “అమ్మ అట్టా అన్లేదు” అని కాసేపు వాదులాడుకుని రెండూ రాసుకుంటున్నాడు.

ప్రతి ఆదివారం రాసినదాన్ని ఉత్త టెక్స్ట్ ఫైలుగా నాకు పంపుతాడు. నేను ల్యాప్‌టాప్‌లో తెరిచి, మొదటి వాక్యం, చివరి వాక్యం ఫోన్లో చదివి వినిపిస్తాను. “ఆఁ, అదే” అన్నాకే పెట్టేస్తాడు.