వేటను పాఠంగా మార్చిన బోల్కె

1914లో ఐరోపా యుద్ధంలోకి దిగినప్పుడు విమానం చేసే పని శత్రుసేనల కదలికలు చూసి రావడమే. ఆకాశంలో ఎదురుపడిన వాళ్లు పిస్తోళ్లతో, రైఫిళ్లతో కాల్చుకునేవారు. మెషిన్‌గన్‌తో ముందుకు కాలుద్దామంటే తిరిగే ప్రొపెల్లర్ అడ్డం. 1915 ఏప్రిల్‌లో ఫ్రెంచి పైలట్ రోలాండ్ గారోస్ ప్రొపెల్లర్ రెక్కలకు ఉక్కు పలకలు బిగించి కాల్చాడు, ఆ నెలలోనే జర్మన్లకు చిక్కాడు. కొద్ది నెలల్లోనే ఫోకర్ కర్మాగారం ఇంకా మెరుగైన ఏర్పాటు తెచ్చింది: రెక్క ఎదురుగా ఉన్న క్షణంలో తుపాకీ పేలదు.

ఆ ఏర్పాటున్న విమానం అందుకున్న తొలి జర్మన్ పైలట్లలో ఓస్వాల్డ్ బోల్కె ఒకడు. 1891లో హాలె దగ్గర పుట్టాడు. తండ్రి బడిపంతులు. చిన్నప్పుడు ఉబ్బసంతో బాధపడ్డాడు, అయినా సైనిక పాఠశాలలో చేర్చుకోమని జర్మన్ చక్రవర్తికే ఉత్తరం రాశాడు. ఫ్రాన్స్‌లోని డూయే స్థావరంలో అతనికి తోడు మరో పైలట్ మాక్స్ ఇమెల్మాన్. చెరి ఎనిమిది విమానాలు కూల్చాక, 1916 జనవరి 12న ప్రష్యా అత్యున్నత సైనిక పతకం ఇద్దరికీ దక్కింది. వైమానికుల్లో దాన్ని అందుకున్న మొదటివాళ్లు వీళ్లే. డూయేలోనే కాలువలో మునిగిపోతున్న ఒక ఫ్రెంచి కుర్రాణ్ణి బోల్కె దూకి కాపాడాడు. శత్రుదేశపు బిడ్డ కోసం నీళ్లలోకి దూకిన ఆ యువకుణ్ణి తలుచుకోకుండా అతని విజయాల లెక్క ఒక్కటే చెప్పబుద్ధి కాదు.

1916 జూన్‌లో ఇమెల్మాన్ చనిపోయాడు. బోల్కెను కూడా పోగొట్టుకుంటామన్న భయంతో చక్రవర్తి అతన్ని యుద్ధరంగం నుంచి తప్పించి బాల్కన్లు, టర్కీ వైపు పర్యటనకు పంపాడు. బయలుదేరే ముందు పై అధికారుల కోరికపై అతను తన అనుభవాన్ని కొద్దిపాటి సూత్రాలుగా రాసిచ్చాడు. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకో. ఎత్తు నుంచి, వెనక నుంచి దాడి చెయ్యి. బాగా దగ్గరికి వెళ్లేదాకా కాల్చకు. పైనుంచి నీ మీదికి వస్తే పారిపోకు, ఎదురు తిరుగు. గుంపుగా దాడి చెయ్యి, కానీ ఒకే శత్రువు వెంట ఇద్దరు ముగ్గురు పడవద్దు. నా దృష్టిలో అతను కూల్చిన నలభై విమానాలకంటే ఈ కొద్ది వాక్యాలే గొప్ప పని. అప్పటిదాకా ఒంటరి మనిషి చురుకుదనంగా ఉన్న విద్య వాటితో పదిమందికీ నేర్పగలిగినదైంది.

ఆగస్టులో కొత్త యుద్ధవిమాన దళం ‘రెండవ యాస్టా’కు నాయకుడిగా ఫ్రాన్స్‌లోని సొమ్ యుద్ధరంగానికి వచ్చాడు. పైలట్లను తానే ఎంచుకున్నాడు. తూర్పు రంగంలో అతని కంటపడ్డ మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిచ్‌తోఫెన్, ఎర్విన్ బోమె వాళ్లలో ఉన్నారు. కొత్త ఆల్బట్రాస్ విమానాలు వచ్చేదాకా శిష్యులకు నేలమీద పాఠాలు చెబుతూ, తాను మాత్రం ఒంటరిగా ఎగిరి యుద్ధం చేసివచ్చేవాడు. సెప్టెంబరు 17న అందరినీ వెంటబెట్టుకుని ఎగిరాడు. రిచ్‌తోఫెన్ తొలి విజయం ఆ రోజుదే. యుద్ధం ముగిసేలోపు అతని లెక్క 80కి చేరింది.

అక్టోబరు 28న బ్రిటిష్ విమానాలతో పోరులో ఒకే శత్రువు వెంటపడ్డ బోల్కె, బోమె విమానాలు ఒకదానికొకటి రాసుకున్నాయి. బోల్కె విమానం రెక్క విరిగి కూలింది, అతను చనిపోయాడు. అతని వయసు 25. తాను రాసిన హెచ్చరికే తన విషయంలో నిజం కావడం చదివిన ప్రతిసారీ నన్ను కలచివేస్తుంది. బ్రిటిష్ వైమానికులు అతని కోసం ఆకాశం నుంచి పుష్పగుచ్ఛం జారవిడిచారు. దళానికి బోల్కె పేరు పెట్టారు. తరువాతి ఏడాది దానికి నాయకుడైన బోమె, 1917 నవంబరు 29న యుద్ధంలోనే నేలకూలాడు.