బెత్తం నుండి మాట వరకు: పెంపకం గూర్చిన ఆలోచనల చరిత్ర



పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు ఇంట్లో మాట తగ్గిస్తే "పొగరు పెరిగింది" అంటాం. ఎదురు చెబితే "భయం లేకుండా పోయింది" అంటాం. ఈ వయస్సు పిల్లలతో పెద్దలు ఎట్లా మెలగాలి, ఆ మెలగడం వారి మనస్సును ఎట్లా తీర్చిదిద్దుతుంది అనే ప్రశ్నకు గత నూరేళ్ళలో జవాబులు ఎన్నోసార్లు మారాయి. ఆ మార్పుల చరిత్ర అందరికీ ఉపయోగమే. ఇతర రాష్ట్రాలలో తెలుగును ఇంటి భాషగా నిలుపుకొంటున్న మనకు మరింత ఉపయోగం. ఎందుకో వ్యాసం చివరకు మీకే బోధపడుతుంది.

భయమే మందు అనుకొన్న రోజులు

బిడ్డను ఐదేళ్ళ వరకు రాజులా, ఆపై పదేళ్ళు సేవకునిలా, పదహారవ ఏట మిత్రునిలా చూడాలని మన పెద్దలు చెప్పేవారు. ఇందులో నడిమి భాగాన్ని మాత్రమే మనం గట్టిగా పట్టుకొన్నాం. వీధిబడులలో గుంజిళ్ళు, గోడకుర్చీ, కోదండం నిత్యకృత్యాలు. "కళ్ళు రెండు విడిచి ఎక్కడైనా కొట్టండి" అని అయ్యవారికి అప్పగించే తండ్రిని ఊరు మంచి తండ్రి అనేది.

ఇది మన దేశపు అలవాటు మాత్రమే కాదు. 1928లో అమెరికా మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ తన శిశు పోషణ గ్రంథంలో పిల్లలను ఎత్తుకొని ముద్దాడవద్దని, ఒడిలో కూర్చోబెట్టుకోవద్దని, ఉదయం లేవగానే కరచాలనం చేస్తే చాలునని తల్లులకు బోధించాడు. ప్రేమ చూపితే పిల్లలు చెడిపోతారని ఆనాటి శాస్త్రమే నమ్మింది.

అయితే అంతకు ముందే మన దేశంలో వేరొక దారి మొదలైంది. గిజుభాయి బధేకా 1920లో గుజరాతులోని భావనగరంలో భయం, దండన లేని బాలమందిరాన్ని నెలకొల్పాడు. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించిన విద్యాహక్కు చట్టం మాత్రం 2009లో గాని రాలేదు. అది 2010 ఏప్రిల్ 1 నుండి అమలయింది.

గారాబమా? క్రమశిక్షణా?

1960లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డయానా బామ్‌రిండ్ ఈ వాదాన్ని కొత్త దారి పట్టించింది. ఆమె పసిపిల్లల బడిలో పిల్లలను గమనించి, వారి ఇళ్ళలోని పెంపకాన్ని పరిశీలించి, మూడు తీరులను గుర్తించింది. మొదటిది నిరంకుశ పెంపకం: ఆజ్ఞ ఉంటుంది, కారణం చెప్పరు. రెండవది గారాబపు పెంపకం: ప్రేమ ఉంటుంది, హద్దు ఉండదు. మూడవది మార్గదర్శక పెంపకం: హద్దు ఉంటుంది, దాని కారణం వివరిస్తారు, బిడ్డ మాట కూడా వింటారు. 1983లో ఎలినార్ మకోబీ, జాన్ మార్టిన్ అనువారు దీనిని రెండు కొలతలుగా విడమరచారు. ఒకటి ఆప్యాయత, రెండవది నియమం. రెండూ లేని ఉపేక్ష నాలుగవ తీరు అయింది.

ఈ విభజన మనకెందుకు ముఖ్యం? అంతవరకు ప్రేమ పెరిగితే క్రమశిక్షణ తరుగుతుందని అందరూ అనుకొనేవారు. అవి ఒకే త్రాసులోని రెండు తట్టలు కావని, రెండూ ఒకే ఇంట్లో నిండుగా ఉండవచ్చునని దీనివల్ల తేలింది.

1991లో విస్కాన్సిన్, కాలిఫోర్నియా రాష్ట్రాలలో 14 నుండి 18 ఏళ్ళ వయస్సు గల సుమారు 4,100 మంది విద్యార్థులపై జరిపిన అధ్యయనం వెలువడింది. ప్రేమ, నియమం రెండూ ఉన్న ఇళ్ళ పిల్లలు మొత్తం మీద మెరుగ్గా ఉన్నారు. ఉపేక్షకు గురైనవారి స్థితి అన్నింటికంటె దీనంగా ఉంది. నిరంకుశపు ఇళ్ళ పిల్లలు చెప్పినట్లు నడచుకొన్నారు గాని, తమ మీద తమకు నమ్మకం తక్కువ. గారాబపు పిల్లలకు ఆత్మవిశ్వాసం మెండు గాని, బడిలో తప్పుదారి, మత్తుపదార్థాల వాడకం ఎక్కువ. బెత్తంతో వినయం వస్తుందనేది పూర్తిగా అబద్ధం కాదన్నమాట. ఆ వినయానికి పిల్లలు చెల్లించే మూల్యమే మన కంటికి కనబడదు.

అందరికీ ఒకే కొలత చెల్లునా?

1994లో రూత్ చావ్ అనే పరిశోధకురాలు ఒక మంచి ప్రశ్న వేసింది. చైనా భాషలో 'గువాన్' అనే మాటకు అదుపు చేయడం, ఆదరించడం అని రెండు అర్థాలూ ఉన్నాయి. అటువంటి సమాజంలో కఠినంగా ఉన్న ప్రతి తల్లినీ నిరంకుశురాలు అనడం తగునా అని ఆమె ఆక్షేపణ. మన 'భయభక్తులు' అనే జంటపదాన్ని తలచుకోండి. భయాన్నీ భక్తినీ ఒకే ఊపిరిలో పలికే జాతికి ఈ ఆక్షేపణ సులభంగానే అర్థమవుతుంది. అయితే భక్తి లేని వట్టి భయాన్ని సమర్థించుకోవడానికి దీనిని వాడుకోరాదు.

చెప్పేది పిల్లలే

2000లో స్వీడన్ దేశంలో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనువారు 14 ఏళ్ళ పిల్లలు 703 మందిని, వారి తల్లిదండ్రులను పరిశీలించారు. పిల్లల రాకపోకలు, స్నేహాలు తల్లిదండ్రులకు తెలియడం నిఘా వల్ల కంటె పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లనే ఎక్కువగా జరుగుతున్నదని తేలింది. ఆరాలు తీసి, సంచులు వెదకి తెలుసుకొనేది తక్కువ. కూర్చుని వింటే తెలిసేది ఎక్కువ.

ఇక్కడే మన సమస్య మొదలవుతుంది. పిల్లలు చెప్పాలంటే భాష కావాలి గదా!

అదే 2000లో వివియన్ త్సెంగ్, ఆండ్రూ ఫులిగ్ని అనువారు అమెరికాకు వలస వచ్చిన కుటుంబాల పిల్లలపై అధ్యయనం ప్రకటించారు. తల్లిదండ్రులు ఒక భాషలో పలకరించగా పిల్లలు మరొక భాషలో బదులిచ్చే ఇళ్ళలో మనస్సుల దూరం ఎక్కువగాను, కలసి మాట్లాడుకోవడం తక్కువగాను కనిపించాయి. ఇరువురూ ఇంటి భాషలోనే మాట్లాడుకొనే ఇళ్ళలో సాన్నిహిత్యం హెచ్చుగా ఉంది. దూరమైన మనస్సులే భాషను వదిలించాయా, వదిలిన భాషే మనస్సులను దూరం చేసిందా అని మీరు అడగవచ్చు. రెండూ జరగగలవు. ఏది ముందు జరిగినా రెండవది దానికి తోడవుతుంది.

మనం ఆ కుటుంబాల వలె నిన్న మొన్న వచ్చినవారం కాము. హోసూరులో గాని, బళ్ళారిలో గాని, బరంపురంలో గాని తరతరాలుగా పాతుకొన్నవారం. కాని బడి భాష వేరు. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం ఒకటవ తరగతి నుండి దశలవారీగా తప్పనిసరి అయింది. రాష్ట్ర భాష నేర్వవలసిందే, బాగా నేర్వవలసిందే. అందులో వివాదం లేదు. అయితే తల్లి తెలుగులో అడిగితే పొరుగు భాషలో ముక్తసరిగా బదులిచ్చే పిల్లలు మన తరగతులలో ఎందరో ఉన్నారు. వారు తల్లిని ధిక్కరించడం లేదు. మనస్సులోని మాటకు తెలుగులో పదం దొరకక ఊరకుంటున్నారు.

మనం చేయదగినవి

తెలుగులో మనస్సుకు ఎన్ని పేర్లున్నాయో చూడండి: దిగులు, బెంగ, అలక, రోషం, ఉక్రోషం, బెరుకు, నామోషీ, చిన్నబోవడం. బెంగ వేరు, దిగులు వేరు. అలిగినవానిని బ్రతిమాలాలి, చిన్నబోయినవానిని దగ్గరకు తీయాలి. ఈ తేడాలు తెలియని పిల్లవాడు అన్నింటికీ 'టెన్షన్' అనే ఒక్క మాటే వాడతాడు. అప్పుడు వానికి ఏం కావాలో మనకూ తెలియదు.

ఉపాధ్యాయులు ఈ పదాలను పరీక్ష కొరకు కాక వ్యాసాలలో, సంభాషణలలో వాడించాలి. తల్లిదండ్రులు రోజుకు పావుగంట, టీవీ, ఫోను ప్రక్కన పెట్టి, పిల్లలతో తెలుగులో మాట్లాడాలి. ఆ పావుగంటలో మార్కుల ప్రస్తావన వద్దు. వాడు తప్పు పలికితే నవ్వవద్దు. నవ్విన మరుక్షణం వాడు మరో భాషలోకి, ఆ తరువాత మౌనంలోకి జారుకొంటాడు. నియమం పెట్టండి, దాని కారణాన్ని తెలుగులోనే చెప్పండి, వాని జవాబు పూర్తి అయ్యేదాకా ఆగండి.

తెలుగు బడిని అక్షరాల కొరకే నిలుపుకొంటున్నామని చాలామంది తలుస్తారు. పదిహేనేళ్ళ బిడ్డ కష్టం వచ్చిన రాత్రి తన తల్లితో నోరు విప్పగలగడానికి కూడా అది అవసరం. పిల్లలను తెలుగు తరగతిలో చేర్పించాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులు మీకు ఎదురైతే, ఈ సంగతి కూడా వారి చెవిన వేయండి.