బొంగులో చికెన్ ఎవరిది?



మొన్న ఇటుకల పండగకి ఊరెళ్ళడం కుదరక, మేమంతా దువ్వాడ అద్దె గదిలోనే వండుకున్నాం. బొంగు దొరకలేదు, కోడిని కుక్కర్లో పెట్టాం. తినేటప్పుడు మాలో చిన్న తమ్ముడు అడిగాడు: "అన్నా, బొంగులో చికెన్ అరకు హోటలోళ్ళు కనిపెట్టిందే కదా?" మాకెవరికీ ముద్ద దిగలేదు. తప్పు వాడిది కాదు, చెప్పని మాది. అందుకే ఈ పోస్టు.

అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడి కడుపులో రొట్టె ముక్కలు, ఉల్లిపాయలు కూరి కాలుస్తారు. మన దగ్గర కోడినే కూరతాం, బొంగులో. ఒక వైపు కణుపు ఉండేలా పచ్చి వెదురు నరికి, ఉప్పు, కారం, పసుపు, అల్లం పట్టించిన ముక్కలు నింపి, మూతికి ఆకు దోపి, మంట మీద తిప్పుతూ కాలుస్తాం. నూనె చుక్క వెయ్యం. పచ్చి బొంగులో ఉన్న తేమకే ముక్క ఉడుకుతుంది. ఎండు బొంగైతే అంటుకుంటుంది. అడవికెళ్ళినోడు గిన్నె మోయక్కర్లేని వంట ఇది.

పక్కన కాలాన్ని బట్టి సామ అన్నం, చోడి అంబలి, వెదురు కొమ్ముల కూర, వలిసెల పచ్చడి, జీలుగు కల్లు. అన్నీ అడ్డాకు విస్తట్లోనే. ఈ విస్తట్లో మన చరిత్ర ఉంది, చూడండి.

కల్లు: చెట్టు గీసుకుంటే 'చిగురుపన్ను' కట్టమన్నారు. 1879 రంప తిరుగుబాటుకి ఉన్న ముఖ్య కారణాల్లో అదొకటి.

బొంగు: 1882 మద్రాసు అటవీ చట్టంతో మన అడవులు రిజర్వు అడవులయ్యాయి. 1927 భారత అటవీ చట్టం వెదురుని చెట్ల లెక్కలో రాసింది. గడ్డి జాతి మొక్క కాగితం మీద చెట్టయింది! 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాకే వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేరి, దాని మీద మనకి హక్కు రాతలోకొచ్చింది.

సామలు: పోడు మీద ఆంక్షలు సామ, చోడి పండే కొండల్ని తగ్గించాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చింది, కాదనం. కానీ సామ అన్నం మెల్లగా పండగ అన్నమైపోయింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నాక, అదే సామ పట్నం షాపుల్లో ఖరీదైన ప్యాకెట్లలోకి ఎక్కింది.

మరి హోటళ్ళ సంగతి? బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దింపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలు లైను వేశారు. ఖనిజం కిందికి దిగింది, అదే పట్టాల మీద టూరిస్టులు పైకెక్కారు. మన పండగ వంట వాళ్ళకి అమ్ముడు సరుకైంది. రోడ్డు పక్కన బొంగు కాల్చి బతుకుతున్న మనోళ్ళని మేం తప్పు పట్టం. పేరు మాత్రం పోగొట్టుకోకూడదంటున్నాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈసారి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మని, తాతని అడగండి: బొంగులో ఇంకేం కూరేవారు? మూతికి ఏ ఆకు పెట్టేవారు? మీ భాషలో దాని పేరేంటి? వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, ఊరి పేరుతో సహా ఇక్కడ రాయండి. వచ్చే పండక్కి మా గదిలో తమ్ముడి చేతే బొంగు కాల్పిస్తాం.