జలపాతం నుంచి 'ఎజైల్' దాకా

ముందు ప్లాను, తర్వాత డిజైను, ప్రోగ్రాము, చివర్లో పరీక్ష. సాఫ్ట్‌వేర్ తయారీకి ఇదే సరైన వరుస అని మీరూ చదివి ఉంటారు. జలపాతంలా కిందికే సాగే ఈ పద్ధతిని 1970లో బొమ్మ గీసి చూపిన విన్‌స్టన్ రాయ్స్ మాత్రం దాన్ని మెచ్చుకోలేదు. తప్పులు చివర్లో బయటపడితే పని మళ్ళీ మొదటికొస్తుందని, ఖర్చు, గడువు రెట్టింపు కూడా కావచ్చని ఆ వ్యాసంలోనే హెచ్చరించారు. చాలామంది బొమ్మను తీసుకుని హెచ్చరికను వదిలేశారు!

మరి దారేమిటి? 1995లో సదర్లాండ్, ష్వాబర్ 'స్క్రమ్' పద్ధతిని వివరించారు. పేరు రగ్బీ ఆటలోది. పనిని కొద్ది వారాల భాగాలుగా విడదీసి, ఒక్కొక్కటి పూర్తికాగానే వాడేవారికి చూపి సరిదిద్దుకోవడమే ఇందులోని కీలకం. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది నిపుణులు సమావేశమై, ఇలాంటి పద్ధతులన్నిటికీ 'ఎజైల్' అని పేరుపెట్టారు.

ప్లాను అక్కర్లేదని దీని అర్థం కాదు. అవసరం మారితే ప్లానూ మారాలని అర్థం. మీ కాలేజీ ప్రాజెక్టునూ చివరి వారం దాకా దాచకండి. సగంలోనే నలుగురికీ చూపండి. తప్పు ఎంత ముందు దొరికితే దిద్దుకోవడం అంత తేలిక.