ఆఫ్రికా దూరయాత్రల్లో పాత ఫోర్‌వీల్ వాహనాల ఎంపిక: చరిత్ర

ఆఫ్రికా ఖండాన్ని సొంత బండిలో రోడ్డు మీద దాటే యాత్రికులు తక్కువ ధరకు దొరికే పాత ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాన్ని ఎంచుకునే పద్ధతి రెండో ప్రపంచయుద్ధం తర్వాత మొదలై, 1970, 80 దశకాల్లో స్థిరపడింది. తెలుగులో ఈ తరహా బండ్లన్నిటినీ ‘జీపు’ అనేయడం వాడుక. ఆఫ్రికా దారుల్లో మాత్రం రాజ్యమేలినవి మొదట ల్యాండ్ రోవర్, ఆ తర్వాత టయోటా ల్యాండ్ క్రూజర్. ఎంపికలో ఇంజిను బలం కన్నా మూడు విషయాలకే ఎక్కువ విలువ ఉండేది: తర్వాతి ఊళ్లో విడిభాగం దొరుకుతుందా, అక్కడి మెకానిక్‌కు ఆ బండి తెలుసా, సరిహద్దు దాటాలంటే దాని మీద ఎంత పూచీ కట్టాలి.

తొలి యాత్రలు

శతాబ్దాల పాటు సహారాను దాటింది ఒంటెల బిడారులే. మోటారు బండిలో ఖండాన్ని దాటినవారిలో ఆద్యుడు జర్మన్ సైనికాధికారి పాల్ గ్రేట్స్. ఆయన 1907లో దారెస్సలామ్ నుంచి బయల్దేరి 1909లో ఇప్పటి నమీబియాలోని స్వాకోప్‌ముండ్ చేరాడు. సిట్రొయెన్ సంస్థ పంపిన ఐదు బండ్లు 1922 డిసెంబరు 17న అల్జీరియాలోని టుగ్గూర్ట్ నుంచి కదిలి 1923 జనవరి 7న టింబక్టూ చేరాయి. వాటికి ముందు మామూలు చక్రాలు, వెనుక అడాల్ఫ్ కెగ్రెస్ రూపొందించిన రబ్బరు పట్టాలు ఉండేవి. అదే సంస్థ ఎనిమిది బండ్లతో జరిపిన రెండో యాత్ర 1924 అక్టోబరు 28న అల్జీరియాలోని కొలోం-బెషార్‌లో మొదలై 1925 జూన్‌లో మడగాస్కర్‌లో ముగిసింది. మేజర్ చాప్లిన్ కోర్ట్ ట్రీట్, ఆయన భార్య స్టెల్లా 1924 సెప్టెంబరు 23న రెండు క్రాస్లీ బండ్లతో కేప్‌టౌన్‌లో బయల్దేరి, పదహారు నెలలు కష్టపడి 1926 జనవరి 24న కైరో చేరారు. దారి పొడవునా పెట్రోలు ముందే నిల్వ పెట్టించుకుని సాగిన యాత్రలివి. సొంత డబ్బుతో బయల్దేరే మామూలు యాత్రికుడికి అందేవి కావు.

లిబియా ఎడారిలో ఫోర్డు కార్లు నడిపిన రాల్ఫ్ బాగ్నోల్డ్ 1920, 30 దశకాల్లో టైర్లలో గాలి తగ్గించడం, ఇసుకలో దిగబడిన చక్రం కింద ఉక్కు రేకులు వేయడం వంటి ఉపాయాలను ప్రచారంలోకి తెచ్చాడు. నేటికీ అవే పద్ధతులు నడుస్తున్నాయి.

ల్యాండ్ రోవర్ కాలం

ల్యాండ్ రోవర్‌ను 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో ఆవిష్కరించారు. యుద్ధానంతర బ్రిటన్‌లో ఉక్కుకు కరువు ఉండటంతో బాడీకి అల్యూమినియం మిశ్రమం వాడారు. అందువల్ల పైరేకు తుప్పు పట్టదు కానీ లోపలి ఉక్కు ఛాసీకి ఆ రక్షణ లేదు. పాత బండి కొనేవాళ్లు కిందికి దూరి, ఛాసీని చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టి చూసే అలవాటు ఇక్కడి నుంచే వచ్చింది. గట్టి ఇనుము ఖంగున మోగుతుంది, తుప్పు తిన్నచోట చప్పుడు బొదబొదమంటుంది.

1958లో సిరీస్ 2, 1961లో సిరీస్ 2ఎ, 1971లో సిరీస్ 3 వచ్చాయి. బ్రిటిష్ సైన్యం వాడి వేలానికి పెట్టిన 109 అంగుళాల పొడవాటి నమూనాలు కుర్ర యాత్రికులకు చవగ్గా దొరికేవి. వాటి బలహీనత వెనుక యాక్సిల్ షాఫ్టు. బరువు ఎక్కువై, ఇసుకలో క్లచ్ గట్టిగా వదిలితే అది విరిగేది. అయితే చక్రం ఊడదీయనక్కరలేకుండా హబ్బు దగ్గరి బోల్టులు విప్పి షాఫ్టును బయటికి లాగి, సామాన్లలో ఉన్న మరొకటి తోసేయవచ్చు. తరచు చెడినా దారిలోనే బాగుపడటమే ఈ బండి గొప్ప.

ఈ కాలపు మేటి యాత్ర 1975లో టామ్ షెపర్డ్ నాయకత్వాన బ్రిటిష్ త్రివిధ దళాలు ల్యాండ్ రోవర్ 101 బండ్లతో పడమటి నుంచి తూర్పుకు జరిపిన సహారా దాటింపు. 1978 డిసెంబరు 26న తియెరీ సబీన్ ప్రారంభించిన పారిస్-డకార్ ర్యాలీ ఎడారి ప్రయాణాన్ని జనాకర్షక క్రీడగా మార్చింది. తొలి పోటీలో కార్లలో రేంజ్ రోవర్ గెలిచింది.

అదే రోజుల్లో ఫోర్‌వీల్ డ్రైవ్ లేని ఒక కారు కూడా సహారా దాటేది. యూరప్ కుర్రాళ్లు పాత పూజో 504 కొని, అల్జీరియాలోని తమన్‌రాసెట్ మీదుగా నైజర్‌లోని అగాదెజ్‌కు నడిపించి, నైజర్, మాలీల్లో అమ్మి, ఆ డబ్బుతో ఇంటిదారి పట్టేవారు. పశ్చిమాఫ్రికాలో ప్రతి మెకానిక్‌కూ ఆ కారు కొట్టినపిండి, అందుకే దానికి గిరాకీ. 1990ల మొదట్లో అల్జీరియా అంతర్యుద్ధంతో ఆ దారి ప్రమాదకరమై ఈ వ్యాపారం సన్నగిల్లింది.

ల్యాండ్ క్రూజర్ రాక

1951లో టయోటా బీజే పేరుతో పుట్టిన బండికి 1954లో ల్యాండ్ క్రూజర్ అన్న పేరు పెట్టారు. 1960లో 40 సిరీస్, 1980లో 60 సిరీస్, 1984లో 70 సిరీస్ వచ్చాయి. 70 సిరీస్‌కు 1990లో అమర్చిన 1హెచ్‌జెడ్ డీజిల్ ఇంజిను ఆఫ్రికా యాత్రికుల అభిమాన ఇంజిను. 4.2 లీటర్లు, ఆరు సిలిండర్లు, టర్బో లేదు, కంప్యూటరూ లేదు. వేగం అంతంత మాత్రమే, మన్నిక మాత్రం అపారం. ఐక్యరాజ్యసమితి సంస్థలు, సహాయ సంఘాలు ఈ బండ్లనే ఖండమంతా దింపడంతో విడిభాగాలు మారుమూల ఊళ్లకూ చేరాయి. యాత్రికులు వీటిని కోరడానికి అసలు కారణం అదే.

70 సిరీస్‌లో చాలా బండ్లకు లారీ చక్రానికి ఉన్నట్టు రింగు ఊడే రిమ్ములుంటాయి. పంక్చరైతే చెట్టు కింద కూర్చుని రెండు ఇనుప కడ్డీలు, ఒక సుత్తితో టైరు విప్పి ట్యూబుకు ప్యాచీ వేసుకోవచ్చు. కేవలం ఈ సదుపాయం కోసమే మెరిసే అల్లాయ్ చక్రాలు తీసేసి వీటిని వేయించుకునేవారున్నారు.

నిస్సాన్ పెట్రోల్, మిత్సుబిషి పజేరో, లాడా నీవా, సుజుకీ జిమ్నీ కూడా తక్కువ బడ్జెట్ యాత్రల్లో కనిపిస్తాయి.

పత్రాలూ పూచీలూ

కార్నే అనే కస్టమ్స్ పూచీ పుస్తకం లేనిదే ఈజిప్టు వంటి దేశాల్లోకి బండి ప్రవేశించదు. బండిని అక్కడే అమ్మేయబోమన్న హామీగా ఆటోమొబైల్ సంఘాలు దీన్ని ఇస్తాయి. భారత్‌లో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. పూచీ మొత్తాన్ని బండి విలువను బట్టి లెక్కగడతారు. కొన్ని దేశాలకు అది బండి ధరనే మించిపోతుంది. బండి ఎంత పాతదైతే పూచీ అంత తగ్గుతుంది. యాత్రికులు పాత బండి వైపు మొగ్గడానికి కొనే ధర ఎంత కారణమో ఇదీ అంతే. దక్షిణాఫ్రికాలోనే కొని బయల్దేరే విదేశీయుడు ముందుగా ట్రాఫిక్ రిజిస్టర్ నంబరు తీసుకోవాలి.

దారుల మార్పు

మారిటానియాలో నువాదిబూ, నువాక్‌షాట్‌ల మధ్య తారు రోడ్డు 2000ల మధ్యలో పడింది. అంతకుముందు సముద్రం వెనక్కి తగ్గిన వేళ చూసుకుని తడి ఇసుక మీద బండి నడిపేవారు. ఉత్తర కెన్యాలోని మార్సబిట్-మొయాలే కంకర బాట రేకుల కప్పులా అలలు పడి, షాక్ అబ్సార్బర్లను, కమాన్ కట్టలను విరగ్గొట్టేది. 2010ల దశకంలో దానికీ తారు పడింది. పెద్ద దారుల్లో ఫోర్‌వీల్ డ్రైవ్ లేని కార్లూ సాగిపోతున్నాయి.

కొత్త బండ్లకు ఇబ్బంది ఇంధనంతో. పొగ వడపోతలున్న ఆధునిక డీజిల్ ఇంజిన్లకు గంధకం బాగా తక్కువున్న డీజిల్ కావాలి. కెన్యా, టాంజానియా, ఉగాండా, రువాండా, బురుండీలు 2015 నుంచి గంధకాన్ని పది లక్షల్లో 50 పాళ్లకు పరిమితం చేశాయి. ఖండమంతా అలా లేదు. కాబట్టి మెకానికల్ పంపున్న పాత డీజిల్‌కు ఆదరణ తగ్గలేదు.

సిరీస్ బండ్ల వారసుడైన ల్యాండ్ రోవర్ డిఫెండర్ పాత నమూనా ఉత్పత్తి 2016 జనవరి 29న సోలిహల్ కర్మాగారంలో ఆగింది. సేకర్తల మోజుతో ధరలు పెరిగి, ఒకనాటి పేద యాత్రికుడి బండి నేడు ధనికుల షెడ్డు చేరింది. భారత్‌లో తయారైన ఐదు తలుపుల జిమ్నీ 2023 నుంచి ఆఫ్రికాకు ఎగుమతి అవుతోంది. పాతబడ్డాక దూరయాత్రలకు అది పనికొస్తుందా అన్నది దారి పక్క షెడ్లలో దాని విడిభాగాలు ఏ మేరకు దొరుకుతాయన్న దాన్ని బట్టే తేలుతుంది.