బతుకమ్మ కుంట ఏ పాఠంలో ఉంది?

మొహెంజొదారోలో మురుగు కాలువలు ఎంత చక్కగా కట్టారో చదవకుండా మన బడి దాటినవారు లేరు. అంబర్‌పేట మురుగు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న మాత్రం ఏ పరీక్షలోనూ రాలేదు. బడికీ ఊరికీ మధ్య ఈ గోడ పాతదే, దాన్ని తీసేయాలన్న ఆలోచన కూడా పాతదే.

1937లో వార్ధాలో గాంధీజీ ఆధ్వర్యంలో జరిగిన విద్యా సదస్సు ఒక కమిటీని వేసింది. అధ్యక్షుడు డాక్టర్ జాకీర్ హుస్సేన్. 1897లో మన హైదరాబాదులోనే పుట్టినవారు. చేతివృత్తి, చుట్టూ ఉన్న ప్రకృతి, చుట్టూ ఉన్న సమాజం, ఈ మూడింటితో పాఠం ముడిపడాలని ఆ కమిటీ చెప్పింది. అప్పటికి మన పక్కనే అడిక్‌మెట్‌లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కడుతున్నారు, 1939లో ప్రారంభమైంది. ఉస్మానియాది ఇంకో దారి. పై చదువులు ఉర్దూలో చెప్పడానికి 1917లోనే అనువాద విభాగం పెట్టి శాస్త్ర గ్రంథాలు తర్జుమా చేయించారు. గొప్ప పనే. కాని చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో మాట్లాడే భాష అది కాదు. పాఠం ఇంగ్లండు నుంచి హైదరాబాదు దాకా వచ్చి మన వీధి మొదట్లో ఆగిపోయింది.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడి బయటి జీవితంతో చదువును కలపాలని మళ్లీ రాసింది. పుస్తకాలు కొంత మారాయి. అయినా రాష్ట్రమంతటికీ ఒకే పుస్తకం అచ్చువేస్తే అందులో అంబర్‌పేటకు చోటెక్కడ? ఆ పేజీ బడి సొంతంగా రాసుకోవాల్సిందే.

రాయడానికి సరుకు లేక కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. చరిత్ర, భూగోళం ఒకే పీరియడులో చెప్పొచ్చు. లెక్కల మాస్టారికి కూడా పని ఉంది: అంబర్‌పేట శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. అంత నీరు ఎన్ని ఇళ్ల నుంచి వస్తుంది?

అన్నిటికన్నా దగ్గరిది బతుకమ్మ కుంట. ఆడపడుచులు బతుకమ్మలు వదిలిన జ్ఞాపకం పేరులోనే ఉంది. 1962-63 రికార్డుల్లో 14 ఎకరాల పైచిలుకు. మట్టి, చెత్త, కట్టడ శిథిలాలు పోసి పూడ్చేశారు. 2025లో హైడ్రా తవ్విస్తే అడుగున నీరు ఊరింది. ఇప్పుడు మిగిలింది 5 ఎకరాల చిల్లర. ఎక్కడో అమెజాన్ అడవి తరిగిపోవడం గురించి పది మార్కుల జవాబు రాసే పిల్లలకు ఈ తీసివేత చేయించాలి. 14లోంచి 5 పోతే 9. ఆ తొమ్మిది ఎకరాలు ఏమయ్యాయి?

ఈ ప్రశ్న మనలో కొందరికి ఇబ్బందిగానే ఉంటుంది. ఊరు పెరిగింది మన ఇళ్లతోనే కదా. కాని కుంట కట్ట ఎక్కడి దాకా ఉండేదో, ఏ నెలలో నిండేదో చెప్పగల పెద్దలు మన సంఘంలోనే ఉండాలి. సోషల్ మాస్టారు ఒక శనివారం పీరియడు ఇస్తే, వారు పిల్లలతో కట్ట వెంట నడిచి పాత హద్దులు చూపించవచ్చు. పిల్లలు గీసిన ఆ పటం వచ్చే సంచికలో అచ్చు వేద్దాం.