జపాను నగరవీథుల రాత్రి - యాత్రికుల ఛాయాచిత్రములు

జపాను దేశమునకు పోయివచ్చిన యాత్రికుల చిత్రములలో ఫ్యూజి పర్వతమునకును, చెర్రీపూవులకును తోడుగా రాత్రివేళ నగరవీథియు తప్పక కానవచ్చుచున్నది. వానకు తడిసిన బాట, దానిపై ప్రతిఫలించు ఎఱ్ఱని నీలి వెలుగులు, గొడుగు పట్టి నడచు ఒంటరి మనుష్యుడు - ఇవి లేని చిత్రసంపుటము అరుదు. వానిని చూచి జపాను నగరములు అనాదినుండియు ఇట్లే వెలుగుచున్నవని తలచువారు కలరు. అది సరికాదు. ఆ వెలుగునకు పుట్టుక కలదు. పలుమారులు ఆఱిపోయిన చరిత్రయు కలదు. కావున ఈ చిత్రములను అందము కొఱకు మాత్రమేగాక సాక్ష్యముగా కూడ పరిశీలింపవలసియున్నది. సాక్షిని నమ్ముటకు ముందు, అతడు ఏ దీపము క్రింద ఏ సాధనముతో చూచెనో విచారించుట న్యాయము.

జపానును చిత్రించిన తొలి విదేశీయులలో ప్రసిద్ధుడు ఫెలిచే బియాటో. 1858లో లక్నో శిథిలములను చిత్రించిన వ్యక్తి ఇతడే. 1863లో యొకొహామా చేరి అచ్చట చిత్రశాల నెలకొల్పెను. ఆనాటి పద్ధతిలో గాజుపలకపై రసాయనమును పూసి, అది తడి ఆఱకముందే చిత్రమును తీసి, వెంటనే కడుగవలెను. మంచి యెండలోనే పలకను కొన్ని సెకనులపాటు తెరచియుంచవలసిన ఆ రోజులలో, నూనెదీపముల వెలుతురునను, కాగితపు లాంతరుల వెలుతురునను వీథిని పట్టుట దాదాపు అసాధ్యము.

అయినను రాత్రిచిత్రములు అమ్ముడుపోయినవి! 1880ల నాటికి యొకొహామాలోని జపానీయుల చిత్రశాలలు యాత్రికుల కొఱకు చేతితో రంగులద్దిన చిత్రములను సంపుటములుగా కట్టి విక్రయించుచుండెను. వానిలో కొన్నింట ఆకాశము ముదురునీలము, అందు చంద్రుడు, ఇండ్ల ముంగిట పసుపుపచ్చని దీపములు. ఇవి పగటివేళ తీసిన చిత్రములు. రాత్రి వానికి కుంచెతో వచ్చినది. ఇంటికి తిరిగిపోయిన యాత్రికుడు బంధుమిత్రులకు చూపిన జపాను రాత్రి చిత్రకారుని బల్లపై పుట్టిన రాత్రియే.

నిజమైన రాత్రివెలుగు వీథులలోనికి వచ్చుట 1872తో మొదలు. ఆ సంవత్సరము యొకొహామాలో టకషిమా కయెమొన్ అను వర్తకుని పూనికతో గ్యాసు దీపములు వెలిగెను. అదే సంవత్సరము టోక్యోలో గింజా ప్రాంతము అగ్నికి ఆహుతికాగా, థామస్ వాటర్స్ అను ఇంజనీరు ప్రణాళికపై ఇటుకకట్టడములతో క్రొత్తవీథి నిర్మింపబడెను. 1874లో అచ్చటను గ్యాసు దీపములు నిలిచినవి. 1882లో విద్యుద్దీపమును ప్రదర్శింపగా జనము గుంపులుగా వచ్చి చూచిరి. ఈ క్రొత్తవెలుగును చక్కగా పట్టినది కెమెరా కాదు, కొయ్యచెక్క అచ్చు. కొబయాషి కియోచిక 1876 మొదలు కొన్నియేండ్లపాటు వెలువరించిన టోక్యో దృశ్యములలో, దీపపు వెలుగు నీటిపై సాగుట, మనుష్యులు నల్లని నీడలై కదలుట మిక్కిలి సహజముగా కానవచ్చును. ఆనాటి రాత్రిని గుఱించి అడుగవలసివచ్చినచో ఛాయాచిత్రము కంటె ఈ అచ్చుచిత్రమే నమ్మదగిన సాక్షి.

మోక్షగుండం గ్రామమునుండి కర్ణాటకమునకు వలసపోయిన తెలుగు కుటుంబమునకు చెందిన విశ్వేశ్వరయ్యగారు జపానును సందర్శించినది 1898లో. అప్పటికి అచ్చటి వీథులలో గ్యాసు, విద్యుత్తు రెండును గలవు. లండనులో పాల్ మార్టిన్ అప్పటికి రెండు మూడేండ్ల ముందే గ్యాసు వెలుతురున వీథులను చిత్రించి, ఆ పని సాధ్యమని చూపెను. కాని కెమెరాను నిలువుకాళ్లపై నిలిపి నిమిషములకొలది వేచియుండవలెను. అంతకాలము తెరచియుంచిన పలకపై నిలిచిన గోడలు నిలుచును, నడచిపోవు మనుష్యుడు జాడ లేక పోవును. ఆనాటి రాత్రిచిత్రములలో వీథులు నిర్మానుష్యముగా నుండుటకు కారణము జనము లేకుండుట కాదు.

1923 భూకంపములో ఇటుకల గింజా నశించెను. మరల కట్టిన నగరములకు నియాన్ వచ్చినది. గాజుగొట్టమును కాల్చి చేతితో వంచి, అందు వాయువును నింపి విద్యుత్తును పంపినచో నియాన్ నారింజయెఱుపుగా వెలుగును. ఆర్గాన్‌తో పాదరసము కలిపినచో నీలముగా వెలుగును. 1935లో ఒసాకా దోతొంబోరి కాలువ ఒడ్డున గ్లికో మిఠాయి సంస్థవారు 33 మీటర్ల యెత్తున నిలిపిన పరుగుమనిషి ప్రకటన ఈ కాలమునకు గుఱుతు. 1943లో యుద్ధమునకు లోహము కావలసి దానిని విప్పివేసిరి. నగరములు చీకటిలో మునిగెను.

యుద్ధానంతరము జరిగినది విచిత్రము. సైన్యమునకు దూరమాపకములు చేసిన దృక్సాధనముల కర్మాగారములు కెమెరాలవైపు మరలినవి. 1950లో టోక్యో వచ్చిన అమెరికను పత్రికా ఛాయాగ్రాహకుడు డేవిడ్ డగ్లస్ డంకన్ అచ్చటి నిక్కోర్ కటకములను పరీక్షించి, జర్మను కటకములకు తీసిపోవని గ్రహించెను. కొరియా యుద్ధమును వానితోనే చిత్రించుటచే వానికి లోకఖ్యాతి వచ్చినది. 1953లో జూనో అను చిన్నసంస్థ ఎఫ్ 1.1 కటకమును, 1961లో కానన్ సంస్థ ఎఫ్ 0.95 కటకమును విడుదల చేసినవి. ఈ సంఖ్య తగ్గినకొలది లోనికి వచ్చు వెలుగు హెచ్చును. ఎఫ్ 2 కటకము కంటె కానన్ కటకము నాలుగింతలకు పైగా వెలుగును గ్రహించును. 1954లో ట్రై-ఎక్స్ అను చుఱుకైన నలుపుతెలుపు ఫిల్ము చిన్న కెమెరాలకు లభించెను. నిలువుకాళ్లు అక్కఱలేకపోయినవి. అట్లు జపాను రాత్రిని చూడగల కన్ను జపానులోనే తయారైనది. మార్గమధ్యమున నిలిచి, కదలుచున్న జనమును కదలుచున్నట్లే పట్టుట ఇక యాత్రికునకు సాధ్యమయ్యెను. 1961లో వచ్చి చిత్రములు తీసి, 1964లో 'టోక్యో' గ్రంథమును ప్రకటించిన విలియం క్లైన్ ఈ స్వేచ్ఛ కలిగినవారిలో ముఖ్యుడు.

రంగుల ఫిల్ముతో మరియొక చిక్కు వచ్చినది. పగటివెలుగు కొఱకు చేసిన ఫిల్ముపై ట్యూబులైటు ఆకుపచ్చగను, సాధారణ బల్బు నారింజరంగుగను పడును. 1976లో టోక్యోకు వచ్చిన కెనడావాసి గ్రెగ్ జిరార్డ్ తీసిన రాత్రిచిత్రములలోని పచ్చదనము ఇట్టిది. కంటికి తెల్లగా తోచిన సందు చిత్రములో పచ్చగా నున్నది. ఇది అబద్ధమా? కుంచెతో అద్దినది కాదు గనుక కాదు. దీపమునకును ఫిల్మునకును గల సంబంధమును చిత్రము దాచక చెప్పుచున్నది. ఆ సందున ట్యూబులైటు ఉండెనని తెలిసికొనుటకు అంతకంటె రుజువు వలదు.

దేశములోని విద్యుత్తు సైతము రెండు తెఱగులు. 1890లలో టోక్యో జర్మనీ యంత్రములను, ఒసాకా అమెరికా యంత్రములను తెచ్చుకొనుటచే, తూర్పున సెకనుకు 50, పడమట 60 ఆవృత్తులు నేటికిని నిలిచియున్నవి. దీపము సెకనుకు టోక్యోలో 100 మారులు, ఒసాకాలో 120 మారులు మినుకుమనును. కంటికి తెలియదు గాని కెమెరాకు తెలియును. టోక్యోలో 1/100 సెకను షట్టరుతో చక్కగా వచ్చిన దీపకాంతి, ఒసాకాలో అదే వేగమున చారలు పడవచ్చును. రైలులో మూడుగంటలైన పట్టని దూరమునకు దీపము స్వభావమే మారుచున్నది!

ఈ తేడా 2011లో పెద్ద కష్టమును తెచ్చినది. మార్చి భూకంపము, ఫుకుషిమా ప్రమాదముల పిమ్మట తూర్పున విద్యుత్తు కొఱవడగా, పడమటినుండి ఆవృత్తి మార్చి పంపగలిగినది కొద్దిపాటి మాత్రమే. టోక్యో ప్రకటనదీపములు ఆర్పబడెను. 1973 చమురు సంక్షోభములోను గింజా నియాన్ ఇట్లే ఆఱినది. చరిత్రకు మిక్కిలి విలువైన రాత్రులు ఇవియే; కాని వెలుగు కొఱకు వచ్చు యాత్రికుడు చీకటివీథిని చిత్రింపడు. సంపుటములలో ఈ లోపము గమనింపదగినది.

దోతొంబోరి పరుగుమనిషి 1955లో మరల వెలసెను, 2014లో ఎల్.ఇ.డి. దీపములకు మారెను. అన్యత్రను నియాన్ గొట్టములు ఇట్లే తొలగుచున్నవి. నియాన్ గొట్టము నలువైపుల వెలుగుచు ప్రక్కగోడను సైతము రంగు పూసినట్లు చేయును, ఎల్.ఇ.డి. ఎదుటికి సూటిగా వెలుగును. 1953లో గింజాలో వెలసిన మొరినాగ మిఠాయి భూగోళము నేడు లేదు. అది ఆ కూడలిని ఏ రంగున ముంచెనో చూడవలెనన్న పాత ఫిల్ములే శరణ్యము. ఈ తరుణముననే, తీసిన చిత్రమును కంప్యూటరుపై గులాబి నీలిరంగులలోనికి మార్చు పద్ధతి వ్యాపించినది. 2015నుండి టోక్యో రాత్రులను చిత్రించి 2019లో గ్రంథముగా వెలువరించిన స్కాట్లండువాసి లియం వాంగ్ ఈ శైలికి పేరుపొందెను. కళగా దానిని తప్పుపట్ట నవసరము లేదు. కాని అనుకరించువారి చేతులలో ఏ వీథియైనను ఒకే గులాబి, ఒకే నీలము. యొకొహామా కుంచె మరల వచ్చినది. మ్రాన్పడిన చంద్రునికి బదులు ఈమారు నియాన్ పూయబడుచున్నది. గొట్టములు పోయిన పిమ్మట ఈ చిత్రములను చూచువాడు దేనిని నమ్మవలెను?

వీథి యెవరిదన్న ప్రశ్నయు కలదు. ప్రదర్శకులను పోలీసు చిత్రించిన ఒక క్యోటో వ్యాజ్యములో జపాను ఉన్నతతమ న్యాయస్థానము 1969లో, అనుమతి లేక తన రూపము చిత్రింపబడకుండు స్వాతంత్ర్యము ప్రతివ్యక్తికి కలదని తీర్పు చెప్పెను. క్యోటో నగరము వెలుగు విషయమునను వేఱు త్రోవ పట్టినది. 2007 నిబంధనలచే మేడలపై ప్రకటనలను, మినుకుమను దీపములను నిషేధించెను. ఆ మందకాంతియే గియోన్ సందులకు యాత్రికులను రప్పించినది. సాయంకాలము పనికి పోవు గెయికో, మైకో యువతుల వెంటబడి, దారి కడ్డము నిలిచి చిత్రములు తీయువారి బాధ పడలేక, అచ్చటి నివాసులు 2019లో సొంతసందులలో చిత్రించుట నిషేధమనియు, అతిక్రమించినచో 10,000 యెన్నులు చెల్లింపవలెననియు పలకలు కట్టిరి. 2024లో ఆ సందులలోనికి యాత్రికుల ప్రవేశమునే వారించిరి. హనమికోజి పెద్దవీథి మాత్రము ప్రజామార్గము. సందుల మొగదల నిలిచి లోపలి లాంతరులను చూచుటకు అచ్చట నేటికిని ఆటంకము లేదు.